షోపాన్ గుండె ఉన్న ఊళ్లో

పోలండ్ రాజధాని వార్సాలో దిగిన మర్నాడు పొద్దున్నే హోలీ క్రాస్ చర్చికి వెళ్లాను. అక్కడ చదువుకుంటున్న మా చెల్లెలి కొడుకు తోడొచ్చాడు. లోపలికి వెళ్లాక ఎడమవైపు స్తంభం చూపించి, "పెద్దమ్మా, ఇదే" అన్నాడు మెల్లగా.

తెల్లటి పాలరాయి, అందులో పియానో సంగీతకర్త షోపాన్ ప్రతిమ, కింద చెక్కిన అక్షరాలు. ఆ రాయి వెనక ఆయన గుండె ఉంది. మత్తయి సువార్త వాక్యం కూడా చెక్కి ఉంది. మా ఊళ్లో చర్చి గోడ మీద చిన్నప్పటి నుంచీ చదివిన మాటే: "నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును." భాష రాకపోయినా ఏం రాశారో అర్థమై కళ్లు చెమర్చాయి.

పదిహేనేళ్లుగా ఆయన నాక్టర్న్‌లు, అంటే రాత్రి వేళని తలపించే పియానో ముక్కలు, వింటున్నాను. వంటిల్లు సర్దుకున్నాక, అందరూ పడుకున్నాక, ఫోన్‌లో చిన్నగా పెట్టుకుంటాను. అందుకే ఇక్కడికి రావాలని అంత పట్టుదల.

షోపాన్ 1830 నవంబరు 2న వార్సా వదిలాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ నెలాఖరుకే రష్యా పాలన మీద తిరుగుబాటు మొదలైంది, మరుసటి ఏడు దాన్ని అణిచేశారు. ఆయన మళ్లీ ఈ ఊరు చూడలేదు. 1849 అక్టోబరు 17న పారిస్‌లో, ముప్ఫై తొమ్మిదేళ్లకే పోయాడు. దేహం అక్కడి పెర్ లషేజ్ శ్మశానంలో ఉండిపోయింది. గుండెను మాత్రం అక్క లుద్విక సీసాలో భద్రపరిచి ఇంటికి తెచ్చింది. 1944లో వార్సా తగలబడుతున్నప్పుడు జర్మన్లు దాన్ని తీసుకెళ్లారు. 1945 అక్టోబరు 17న, సరిగ్గా ఆయన పోయిన తేదీన, మళ్లీ ఇక్కడికి చేరింది.

బయటికొస్తే పక్కనే చాప్‌స్కీ భవనం. ఊరు వదిలే ముందు షోపాన్ కుటుంబం ఉన్నది అందులోనే. గడప దాటి వెళ్లిపోయిన కుర్రాడి గుండె, తిరిగొచ్చి ఆ ఇంటికి నాలుగడుగుల దూరంలో ఆగింది. అక్కణ్ణుంచి కదలడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ వీధిలోనే నల్లరాతి బెంచీ ఒకటుంది. 2010లో, ఆయన పుట్టి రెండొందల ఏళ్లయిన సందర్భంగా, ఊళ్లో ఇలాంటివి పదిహేను పెట్టారు. బటన్ నొక్కితే ముక్క సంగీతం వినిపించి ఆగిపోతుంది. మా వాడు నాలుగుసార్లు నొక్కాడు.

శనివారం ఆయన పుట్టిన ఊరు జెలజోవా వోలాకి వెళ్లాం. వార్సాకి యాభై కిలోమీటర్లు. మధ్యలో బస్సు తప్పిపోయి గంటకు పైగా చలిలో నిలబడ్డాం. ఇల్లు చిన్నదే, తెల్ల గోడలు, చుట్టూ తోట. ఫ్రాన్సు నుంచి వచ్చిన తండ్రి ఇక్కడి జమీందారు పిల్లలకి చదువు చెప్పేవాడు. ఆ జమీందారు బంగళా పక్కన ఉన్న ఈ ఇంట్లోనే షోపాన్ పుట్టాడు. కొన్ని నెలలకే కుటుంబం వార్సా చేరింది. అయినా ఈ చుట్టుపక్కల మట్టి వాసన ఆయన మజుర్కాల్లో ఉందని నా నమ్మకం. మజుర్కా పల్లె నాట్యం, మూడు దెబ్బల లెక్క. ఊనిక మొదటి దెబ్బ మీద పడుతుందనుకుంటాం. అది రెండో దాని మీదో మూడో దాని మీదో పడుతుంది. దాంతో అడుగు కాస్త తడబడి మళ్లీ సర్దుకున్నట్టుంటుంది. పారిస్‌లో ఉంటూ చివరిదాకా ఇవే రాసుకున్నాడు.

ఆదివారం వజియెంకి పార్కు. గాలికి వంగిన విల్లో చెట్టు కింద కూర్చున్న షోపాన్ విగ్రహం. 1926లో పెట్టిన దాన్ని 1940లో జర్మన్లు పేల్చేశారు, 1958లో మళ్లీ నిలబెట్టారు. మరుసటి ఏటి నుంచి వేసవి ఆదివారాల్లో ఇక్కడ ఉచితంగా పియానో కచేరీలు జరుగుతున్నాయి. మధ్యాహ్నం పన్నెండింటికి గులాబీ మొక్కల మధ్య గడ్డి మీద కూర్చున్నాం. పసిపిల్లల తల్లులు, చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు, ఎవరి నోటా మాట లేదు. నేను వంటింట్లో వినే నాక్టర్నే మొదలైంది. మా వాడు అంతవరకూ చూస్తున్న ఫోన్ జేబులో పెట్టేశాడు.

అయిపోయాక లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పెద్దమ్మా, నాలుగింటికి ఇంకోటి ఉందట. ఉందామా?"