పద్నాలుగేళ్లలో 8,412 కిలోమీటర్లు

గజపతినగరంలో మాది రైసుమిల్లు. ఖరీఫ్ ధాన్యం ఆడేసి, బియ్యం గోదాముకు చేర్చేశాక ఎండాకాలంలో మిల్లు కొన్ని వారాలు ఆగుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం కాటా గదిలో కూర్చుని పద్దులు చూసుకుంటుంటే, విజయనగరంలో పాత కార్లు అమ్మిపెట్టే బ్రోకరు నాలుగు ఫొటోలు పంపాడు. 2011 నాటి బీఎండబ్ల్యూ జెడ్‌ఫోర్. ముదురు నీలం. రెండే సీట్లు. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్. ఒక్కరే ఓనరు. రీడింగు 8,412.

ఆ అంకెను మళ్లీ మళ్లీ చూశాను. ఏడాదికి ఆరు వందల కిలోమీటర్లు. మా ధాన్యం ట్రాక్టరు ఒక్క సీజనులో అంతకన్నా ఎక్కువ తిరుగుతుంది.

నాకు ఈ కోరిక ఈనాటిది కాదు. నాకు పదేళ్లప్పుడు నాన్నగారితో సాలూరు లారీలో కొరాపుట్ వెళ్లాను. సాలూరు దాటాక సుంకి ఘాట్ మొదలవుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ కింద మనం వచ్చిన దారి తాడులా కనిపించేది. డ్రైవరు స్టీరింగు మీద బరువంతా వేసి తిప్పుతుంటే, ఇదే దారిలో నేలకు ఆనుకుని పోయే చిన్న బండి ఉంటే ఎలా ఉంటుందో అనుకున్నాను. అప్పటికి అలాంటి బండిని కళ్లతో చూసింది కూడా లేదు. పెద్దయ్యాక పదకొండేళ్లపాటు తవుడు అమ్మిన డబ్బులో కొంత పక్కన పెడుతూ వచ్చాను. మిల్లు డబ్బు మిల్లుకే, తవుడు డబ్బు నాకు. ఇంట్లో అందరికీ తెలిసిన ఏర్పాటే.

బండి విశాఖపట్నంలో పెదవాల్తేరులో ఒక అపార్టుమెంటు సెల్లారులో ఉంది. సాలూరు నుంచి మేస్త్రి గారిని వెంటబెట్టుకుని వెళ్లాను. లారీ ఇంజన్ల మీద ముప్ఫై అయిదేళ్లు పనిచేసిన మనిషి. జర్మనీ కారు కొత్తే అయినా, లోహం, రబ్బరు, నూనె ఏ కంపెనీ బండిలోనైనా ఒకేలా ముసలివవుతాయని ఆయన నమ్మకం. అందుకే ఆయన్ను తీసుకెళ్లాను. కారులోని కంప్యూటరును చదివే స్కానరు పట్టుకుని ఆయన మేనల్లుడు విశాఖలోనే కలిశాడు.

బండి కొడుకుది. అతను కొన్న రెండేళ్లకే విదేశం వెళ్లిపోయాడు. చూసుకుంటున్నది తండ్రి, బ్యాంకులో రిటైరయిన పెద్దాయన. గుడ్డ కవరు తీస్తున్నప్పుడు ఆయన చేతులు చూశాను. ఒక్క మూల కూడా నేలకు తగలకుండా పక్క దుప్పటిలా మడత పెట్టారు. నీలం రంగు మీద ట్యూబులైటు గీత వంకర లేకుండా పడింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో అడిగిన ధర ఇచ్చేసేవాణ్ని.

మేస్త్రి గారు రంగు వైపు చూడనే లేదు. ఎడమ వెనక టైరు దగ్గర గొంతుకూర్చుని ఫోను లైటు వేశారు.

“బాబుగారూ, ఇటు రండి. ఈ అంకె చదవండి.”

టైరు పక్కగోడ మీద చిన్న కోలగడిలో 1911 అని ఉంది. అంటే 2011లో పందొమ్మిదో వారం. బండితో వచ్చిన టైర్లే. గాడి లోతు కొత్త టైరులా నిండుగా ఉంది, పక్కగోడ మాత్రం ఎండిన చెరువు అడుగులా సన్నగా నెర్రెలిచ్చింది. గోరుతో నొక్కితే చెక్కలా తగిలింది. గాడి ఎంత మిగిలినా పదేళ్లు దాటిన టైరు వాడవద్దని టైర్ల కంపెనీలే చెబుతాయి. ఈ బండికి స్టెపినీ ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి టైర్లు వేస్తారు, అవి మామూలు వాటికన్నా ఖరీదు.

పెద్దాయన పైనుంచి ఒక నోటుబుక్కు తెచ్చారు. ప్రతి ఆదివారం తేదీ వేసి, పక్కన “స్టార్ట్ చేశాను, 10 నిమిషాలు” అని రాసుకున్నారు. ఆ పుస్తకం ముందు ఇంకో రెండు నిండిపోయాయట. జ్వరం వచ్చిన వారం కూడా రాశారు, “వాచ్‌మన్ చేత”. కొడుకు వస్తువును అంత భక్తిగా కాపాడిన మనిషితో, మీరు చేసింది బండికి మంచిది కాదు అని ఎలా చెప్పడం? నేను చెప్పలేదు. మేస్త్రి గారూ చెప్పలేదు.

మిల్లు ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. మిల్లు ఆగిన కాలంలో నాన్నగారు వారానికోసారి యంత్రాలన్నీ తిప్పించేవారు. తిప్పితే అరగంటకు తక్కువ ఒప్పుకునేవారు కాదు. బేరింగు పెట్టె మీద అరచేయి ఆనించి, వెచ్చబడిందని తెలిసేదాకా ఆపనిచ్చేవారు కాదు. పెట్రోలు మండితే నీరు కూడా పుడుతుంది. ఇంజను బాగా కాగితే ఆ నీరు ఆవిరై బయటకు పోతుంది. పది నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే నూనెలోనూ సైలెన్సరులోనూ ఉండిపోతుంది. మేస్త్రి గారు ఇంజనాయిల్ మూత తీసి తిప్పి చూపించారు. లోపలి వైపు లేత గోధుమరంగు మీగడ కట్టి ఉంది. ఇంజనులో నూనె, చల్లబరిచే నీరు (కూలెంటు) కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయినా అలాగే ఉంటుంది కాబట్టి నా గుండె జారింది. కూలెంటు డబ్బా తెరిచి చూస్తే మట్టం తగ్గలేదు, పైన నూనె తెట్టు లేదు. ఇది ఆదివారాల మీగడే అని తేలాక ఊపిరి పీల్చుకున్నాను.

తరువాత హుద్‌హుద్ తుపాను సంగతి. 2014 అక్టోబరు 12న విశాఖలో ఉన్న ఏ బండి గురించైనా ఆ రోజు అది ఎక్కడుందో అడగాలి. సెల్లారులోకి నీళ్లు వచ్చాయని, కానీ చక్రాల సగానికి కూడా రాలేదని పెద్దాయన చెప్పారు. మాట మీద గౌరవం ఉంచుకునే చూసుకున్నాం. సీటు బెల్టు రెండూ చివరిదాకా లాగాం. మునిగిన బండిలో బెల్టు చుట్ట లోపలి భాగాన బురద చార మిగిలిపోతుంది. ఇక్కడ లేదు. డిక్కీ అడుగు పలక ఎత్తి, తివాచీ కింద చెయ్యి పెట్టి చూశాం. పొడిగానే ఉంది. సీట్ల కింద పట్టాలకు తుప్పు లేదు.

రీడింగు నిజమేనా అన్నది మేనల్లుడు స్కానరుతో చూశాడు. ఈ బండ్లలో తిరిగిన దూరం మీటరులోనే కాక లోపల వేరే యూనిట్లలో కూడా నమోదవుతుంది. అన్నిచోట్లా సరిపోయింది. బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు తోలు, దిగేటప్పుడు తొడ రాసుకునే సీటు అంచు కూడా అదే మాట చెప్పాయి. కానీ సర్వీసు బిల్లుల్లో చివరిది 2017 నాటిది, 7,930 దగ్గర. ఆ తర్వాత బ్రేకు ఆయిల్ మార్చలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. నీరు పట్టిన బ్రేకు ఆయిల్‌తో సుంకి ఘాట్ దిగితే, బ్రేకులు వేడెక్కి లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. నా కల కొసన లోయ కూడా ఉందని అప్పుడు తట్టింది.

నడపనిచ్చారు. ఆ టైర్ల మీద నలభై దాటవద్దని మేస్త్రి గారు ఒట్టు వేయించుకున్నారు. బీచ్ రోడ్డులో రుషికొండ దాకా వెళ్లి వచ్చాం, పక్క సీట్లో పెద్దాయన. నలభైలోనే తెలిసింది. స్టీరింగు కాస్త కదిపితే ముక్కు ఎంత కదలాలో అంతే కదిలింది. మనం దాదాపు వెనక చక్రాల ముందే కూర్చుంటాం, పొడవాటి బానెట్టు మన ముందు తిరుగుతుంది. ఎదురుగా సముద్రం. రుషికొండ దగ్గర ఆపి పైకప్పు తెరిచాం. లోహపు కప్పు ముడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోవడానికి ఇరవై సెకన్లు పడుతుంది. మొదట కదలలేదు. రబ్బరు అంచులు అద్దానికి అతుక్కుపోయాయి. తరువాత పాత కట్టు మీద ప్లాస్టరు పీకినప్పటి చప్పుడుతో విడివడింది. ఎన్నేళ్లయిందో తెరిచి అని అడిగితే, కొడుకు వెళ్లే ముందు రోజు అన్నారు పెద్దాయన. గాలికి కళ్లజోడు పట్టుకుని కూర్చున్నారు. తిరిగి వచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

అడిగిన ధర ఇరవై ఒక్క లక్షలు. అదే వారం హైదరాబాదులో అదే మోడలు మరొకటి చూశాను. 52,000 తిరిగింది, ప్రతి సర్వీసు బిల్లూ ఉంది, టైర్లు రెండేళ్లవి, పదహారున్నర లక్షలు. ఇంజను మాత్రమే చూస్తే అదే మంచి బండి. తక్కువ తిరిగినందుకు పైన అడుగుతున్న నాలుగున్నర లక్షలు దేనికో నాలుగు రోజులు ఆలోచించాను. ఆ డబ్బు నిలబడేది బండిని మళ్లీ సెల్లారులో పెట్టి, 8,412ను 8,412గానే ఉంచితేనే. నేను సుంకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఆ విలువలో కొంత కరుగుతుంది. ఆ అంకెను కాపాడటానికైతే నాకు బండి అక్కర్లేదు. నేను కొనేది నడపడానికి. కాబట్టి ఆ అంకెకు డబ్బు ఇవ్వను. కానీ నలగని సీటు, వెలవని రంగు, మనసులో మాట దాచని మనిషి, వీటికి కొంత ఇస్తాను. ఇది నా తీర్పు. దాచుకోవడానికి కొనేవారి తీర్పు వేరుగా ఉంటుంది, తప్పు పట్టను.

టైర్లు, బ్యాటరీ, బెల్టులు, నీళ్ల గొట్టాలు, అన్ని నూనెలు, ట్యాంకు కడిగించడం కలిపి మూడు లక్షల పైమాటే అని మేస్త్రి గారు కాగితం మీద వేసి ఇచ్చారు. పెట్రోలు సంగతీ ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఆ కాలపు కార్లను ఎక్కువగా పది శాతం వరకే తయారుచేశారు. ఇథనాల్ తేమను లాగుతుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. నిలిపి ఉంచే బండికి ఇది మరింత చేటు. నడిపితే ట్యాంకులో పెట్రోలు నిలవ ఉండదు, అదొక్కటే నాకు అనుకూలం. నవంబరుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు నిండుతుంది. అప్పుడు రవాణా శాఖ తనిఖీ చేయించుకుని అయిదేళ్లకు పొడిగించుకోవాలి. విశాఖ జిల్లా ఏపీ 31 నంబరే కాబట్టి వేరే రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) గొడవ లేదు. అయిదేళ్లు దాటిన బండికి ఇన్సూరెన్సు విలువ కంపెనీతో మాట్లాడుకుని ఒప్పుకోవాలి, అది ముందే రాయించుకోవాలి.

మా ఆవిడ అంతా విని ఒకటే అడిగింది. “ఇద్దరే కూర్చునే బండి కదా, అత్తయ్యగారిని వదిలి మనిద్దరం ఎప్పుడు వెళ్తాం?” అమ్మకు డెబ్భై నాలుగు. మోకాళ్ల నొప్పి. అంత కిందికి కూర్చోలేదు. అమ్మే సమాధానం చెప్పింది. “నెలకో ఆదివారం మీ చెల్లి వస్తుందిలే. రామతీర్థం వెళ్లి రండి, ప్రసాదం తెండి.” పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేమిద్దరమే వెళ్లిన ప్రయాణాలు లెక్కపెట్టుకున్నాం. ఒక చేతి వేళ్లు సరిపోయాయి.

పదిహేడుంపావుకు బేరం కుదిరింది. ఫోనులో కొడుకు మొదట ఒప్పుకోలేదు. పెద్దాయనే, “ఈయన తిప్పుతానంటున్నాడు, ఇచ్చేద్దాం” అన్నారట. లక్ష అడ్వాన్సు ఇచ్చాను. కొత్త టైర్లు సెల్లారులోనే వేయించి, బ్రేకు ఆయిల్ మార్చాకే బండి కదులుతుంది, అప్పటిదాకా మిగతా సొమ్ము నా దగ్గరే ఉండటానికి ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది నీడ. మిల్లు దగ్గర పెట్టడం కుదరదు. ఊక దుమ్ము ఒక ఎత్తు, ఎలుకలు ఒక ఎత్తు. ధాన్యం ఉన్నచోట ఎలుకను ఆపలేం, బానెట్టు కింద వెచ్చగా పడుకుని వైర్లు కొరికేస్తుంది. మొన్న జనవరిలో మా డ్రయ్యరు ప్యానెలు అలాగే పోయింది. అందుకే మిల్లుకు రెండు కిలోమీటర్ల దూరంలో, ఇంటి తూర్పు పక్కన షెడ్డు వేయిస్తున్నాను. నేల సిమెంటు, చుట్టూ సన్న కన్ను ఇనుప జాలీ, తలుపు కింద రబ్బరు పట్టీ. తాపీ మేస్త్రి సోమవారం వస్తున్నాడు. ముందు గేటు దగ్గరి వాలు తగ్గించమన్నాను. బండి ముక్కు కింది ఖాళీ పెదవాల్తేరులోనే టేపుతో కొలుచుకుని వచ్చాను. అదే ఎత్తున ఒక ప్లైవుడ్ చెక్కకు రెండు సైకిలు చక్రాలు బిగించి నిన్న సాయంత్రం గేటులోంచి తోసి చూశాం. రెండుచోట్ల తగిలింది. సుద్దముక్కతో గీసి ఉంచాను.