అమ్మ ఫోన్ ఎందుకు పెట్టేసేదంటే

ఈ దేశానికి వచ్చాక ఇక్కడి భాషలో నేను తడబడకుండా అనగలిగిన మొదటి మాట "టాయిలెట్‌కి వెళ్దామా?" అనేదే. పెద్దవాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో ఉద్యోగం నాది. ఒక షిఫ్టులో ఆ మాట ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. గుసగుసగా కూడా కాదు, మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా. అదే సంగతి మా అమ్మతో మన భాషలో ఎత్తడానికి మాత్రం నాకు ఆరేళ్ళు పట్టింది.

వారానికి రెండు మూడు సార్లు వీడియో కాల్ చేసుకుంటాం. మాటల మధ్యలో ఉన్నట్టుండి "ఎవరో తలుపు కొడుతున్నారే, మళ్ళీ చేస్తా" అని పెట్టేసేది. నిజంగానే ఎవరో వచ్చారనుకునేదాన్ని. ఒంటరిగా ఉండే మనిషి ఇంటికి రోజూ అంతమంది ఎందుకొస్తారు అని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. బయటికి వెళ్ళడం తగ్గించింది, బస్సు ఎక్కనంది, నా దగ్గరికి రమ్మంటే "అంతసేపు విమానంలో నా వల్ల కాదు" అంది. మోకాళ్ళ నొప్పులు కాబోలు అనుకున్నాను. రోజంతా ఇదే పనిలో ఉండి కూడా సొంత తల్లి దగ్గరికొచ్చేసరికి నాకేమీ కనపడలేదు.

అసలు నాకున్నదే నేను ఒప్పుకోలేదు లెండి. ఇద్దరు పిల్లలు పుట్టాక గట్టిగా తుమ్మినా, దగ్గినా, బరువెత్తినా రెండు చుక్కలు మూత్రం పడేది. పిల్లల్ని కన్న ఆడవాళ్ళకి ఇది మామూలే అని ఎవరో అంటే నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు లిఫ్టులో నాతో పనిచేసే అమ్మాయి ఏదో అంది, నవ్వు ఆపుకోలేకపోయాను, దాంతోపాటు ఇంకోటీ ఆపుకోలేకపోయాను. యూనిఫాం ప్యాంటు లేత నీలం రంగు, తడిస్తే ముదురు నీలం, దాచడానికి లేదు. స్వెట్టర్ నడుముకి కట్టుకుని మిగతా నాలుగు గంటలూ నెట్టుకొచ్చాను. అడిగిన వాళ్ళకి చలేస్తోందని చెప్పాను. చలేస్తే ఒంటికి వేసుకోవాలి గానీ నడుముకి కట్టుకోవడం ఏమిటని ఎవరూ అడగలేదు, పుణ్యం కట్టుకున్నారు.

ఆ తర్వాత నేను చేసింది చాలామంది చేసే పనే, షిఫ్టుకి ముందు నీళ్ళు మానేయడం. కొత్త ఉద్యోగం, పరాయి దేశం, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తే పని ఎగ్గొడుతున్నాననుకుంటారేమోనని భయం. అందుకని వెళ్ళాల్సినప్పుడు గంటలు గంటలు బిగబట్టుకోవడం, మళ్ళీ సెలవు రోజున బయటికి వెళ్తుంటే "ఎందుకైనా మంచిది" అని అవసరం లేకపోయినా నాలుగుసార్లు వెళ్ళిరావడం. తర్వాత తెలిసింది, ఈ మూడూ తప్పేనని. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని, అంటే మూత్రం నిండే సంచిని, ఇంకా చికాకు పెడుతుంది, మలబద్ధకం వస్తుంది, ఆ మలబద్ధకం మూత్రాశయం మీద బరువు వేస్తుంది, ఇన్ఫెక్షన్‌కీ దారి దొరుకుతుంది. ఊరికే ముందస్తుగా వెళ్తూ ఉంటే, కొంచెం నిండగానే గోల చెయ్యడం మూత్రాశయానికి అలవాటైపోతుంది. మామూలుగా అది 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టుకోగలదు, సగం కూడా నిండకముందే మొదటిసారి కబురు పంపుతుంది, ఆ మొదటి కబురుకే లేచి పరిగెత్తక్కర్లేదు.

ఇదంతా నాకు నేర్పింది మా హోమ్‌లో ఉండే ఒక పెద్దావిడ. నేర్పిందంటే పాఠం చెప్పిందని కాదు. 82 ఏళ్ళు, ఒకప్పుడు టీచరు, మాట ఖచ్చితం. ఒక ఉదయం ఆవిడ గది సర్దుతుంటే హీటర్ వెనక గోడకీ దానికీ మధ్య ఇరికించి రెండు లోదుస్తులు కనిపించాయి. చేత్తో ఉతికి, పిండి, ఆరడానికి అక్కడ దాచుకుంది. దిండు కింద నాలుగు మడతలు పెట్టిన టిష్యూలు, వరసగా, నోట్ల కట్టలాగా. ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. తిట్టలేదు, ఏడవలేదు. "మా అమ్మాయికి చెప్పకు" అంది, అంతే.

ఆ రోజు బ్రేక్‌లో కూర్చుంటే అమ్మ ఇంటికి "తలుపు కొట్టేవాళ్ళందరూ" ఒక్కసారిగా గుర్తొచ్చారు.

కొన్ని రోజులకి ఆ పెద్దావిడని చూడటానికి ఈ సమస్య కోసమే ట్రైనింగ్ అయిన ఒక నర్సు వచ్చింది. మందు కాదు, ముందు కాగితం ఇచ్చింది. 3 రోజులు, ఎన్నింటికి ఎంత తాగారు, ఎన్నింటికి వెళ్ళారు, కొలత జగ్గులో ఎంత వచ్చింది, ఎప్పుడు లీకైంది, అప్పుడేం చేస్తున్నారు, అన్నీ రాయమంది. ఆ కాగితాలు నింపింది నేనే. నింపుతూ నింపుతూ ఇంట్లో నాకూ ఒకటి రాసుకున్నాను, దొంగచాటుగా.

అందరికీ ఉండేది ఒకటే జబ్బు కాదని నాకు అప్పుడే అర్థమైంది. దగ్గితే, నవ్వితే, మంచం మీంచి మనిషిని లేపితే చుక్కలు పడటం ఒక రకం. దీన్ని డాక్టర్లు స్ట్రెస్ అంటారు. విని నేను ఉద్యోగం టెన్షన్ వల్ల వచ్చిందనుకున్నాను! ఆ స్ట్రెస్ వేరు, పొట్టలో పుట్టే ఒత్తిడి అన్నమాట, కింద పట్టి ఉంచే కండరాలు దానికి ఆగలేకపోవడం. కాన్పులూ, నెలసరి ఆగిపోవడం, బరువు, ఏళ్ళ తరబడి దగ్గు, ఇవన్నీ ఆ కండరాల్ని వదులు చేస్తాయి. రెండో రకంలో ఉన్నట్టుండి తన్నుకొస్తుంది, బాత్రూమ్ దాకా వెళ్ళేలోపే అయిపోతుంది. ఇంటి తాళం తీస్తుండగానే, కుళాయి చప్పుడు వింటుండగానే వచ్చేస్తుంది చాలామందికి. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. ఇంకొందరికి సంచి పూర్తిగా ఖాళీ అవ్వక పైనుంచి పొంగినట్టు చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటుంది, ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్ళలో చూస్తుంటాం. ఇక మా హోమ్‌లో ఎక్కువగా కనపడేది ఏమిటంటే, మూత్రాశయం బాగానే ఉంటుంది, కాళ్ళే సహకరించవు. లేచేసరికి, కర్ర అందుకునేసరికి, గుండీ తీసేసరికి ఆలస్యం. మతిమరుపు ఉన్నవాళ్ళకైతే ఏ తలుపు బాత్రూమో తెలియదు. వాళ్ళకి మందులకంటే రెండు మూడు గంటలకోసారి మనమే గుర్తుచేసి తీసుకెళ్ళడం, తలుపు తెరిచి లైటు వేసి ఉంచడం ఎక్కువ పనిచేస్తాయి.

నాది మొదటి రకం. నర్సుని కారిడార్‌లో ఆపి "మా అక్కకి ఇలా ఉంది" అని అడిగాను. ఆవిడ నవ్వకుండా "మీ అక్కకి చెప్పండి" అని మొదలుపెట్టి కటి కండరాల, అంటే మూత్రాన్ని కింద పట్టి ఉంచే కండరాల వ్యాయామం మొత్తం చెప్పింది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామమే, ఆయన పేరుతోనే కెగెల్ అంటారు. బిగించాలి, కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి, వదలాలి, వదలడం కూడా పూర్తిగా వదలాలి. సారికి కనీసం 8, రోజుకి 3 సార్లు, 3 నెలల పాటు. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులూ తొడలూ బిగించకూడదు, మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యకూడదు. తుమ్ము వచ్చేముందు, మనిషిని ఎత్తేముందు ఒక క్షణం ముందుగా బిగించుకోవడం ఇంకో కిటుకు. ఇది నాకు అన్నిటికన్నా ముందు పనికొచ్చింది. వ్యాయామం ఫలితం కనపడటానికి పది వారాలు పట్టింది, మొదటి నెల ఏమీ తేడా తెలియక దాదాపు వదిలేశాను.

అప్పుడు చేశాను అమ్మకి ఫోన్. అడగలేదు, నా సంగతి చెప్పాను. లిఫ్టూ, నీలం ప్యాంటూ, స్వెట్టరూ అన్నీ. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత "నీకు అప్పుడేనా? నాకు అరవై దాటాక మొదలైందే" అంది. అంటే పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా పాత గుడ్డలు మడిచి పెట్టుకుంటూ, వాసన వస్తుందేమోనని రోజుకి రెండు మూడు సార్లు స్నానం చేస్తూ, ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుని దాని పక్కన కూర్చుంటూ. "డాక్టరుకి ఎందుకు చెప్పలేదు" అంటే "వయసుకి మందేముంటుంది" అంది.

వ్యాయామం ఫోన్లో నేర్పడం ఇంకో కథ. కండరం, కటి అంటే అర్థం కాలేదు. చివరికి "నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ రాకుండా ఆపుకుంటావు చూడు, ఆ బిగింపే" అన్నాను. పగలబడి నవ్వింది, నవ్వి "అయ్యో, పడ్డాయే చుక్కలు" అని మళ్ళీ నవ్వింది.

డాక్టరు దగ్గరికి నా స్నేహితురాలు తీసుకెళ్ళింది. ముందు మూత్రం పరీక్ష, షుగర్ పరీక్ష చేయించారు, ఈ రెండిట్లో తేడా ఉన్నా మాటిమాటికీ వస్తుంది కాబట్టి. అక్కడ బయటపడింది ఏమిటంటే, బీపీకి ఇచ్చిన నీరు పోయే మాత్ర అమ్మ రాత్రి పడుకునేముందు వేసుకుంటోంది! డాక్టరు దాన్ని పొద్దుటికి మార్చారు. మీరు మాత్రం అడగకుండా ఏ మందూ మార్చకండి. సాయంత్రానికి కాళ్ళు వాచేవి, ఆ నీరంతా పడుకోగానే మూత్రంగా వస్తుందని మధ్యాహ్నం కాసేపు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోమన్నారు. తన్నుకొచ్చే రకానికి మాత్రలున్నాయి గానీ కొన్ని పాత రకాలు పెద్దవాళ్ళలో నోరు ఎండిపోయేలా, మలబద్ధకం పెంచేలా, మనిషిని అయోమయంలో పడేసేలా చేస్తాయి, అందుకే మాట తేడాగా ఉంటే వెంటనే చెప్పమన్నారు. టీ, కాఫీ తగ్గించమన్నారు. తగ్గించలేదు, ఆ విషయంలో నేను ఓడిపోయాను.

మిగతావి నేను ఉద్యోగంలో చూసినవే చెప్పాను. నెలసరి ప్యాడ్ దీనికి పనికిరాదు, మూత్రం ఒక్కసారిగా వస్తుంది, అది పీల్చుకునే ప్యాడ్ వేరే ఉంటుంది. తడి మీద అలాగే కూర్చుంటే చర్మం ఎర్రబడి ఒరుసుకుపోతుంది, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, చర్మాన్ని కాపాడే క్రీము పల్చగా రాయాలి. మాటిమాటికీ సబ్బు వద్దు. బొందు ముడి మానేసి ఎలాస్టిక్, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు, దారిలో చాప గానీ వైరు గానీ లేకుండా. రాత్రిపూట హడావిడిగా వెళ్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను, నాకు చుక్కలకన్నా అదే భయం. మూత్రంలో రక్తం కనపడినా, ఉన్నట్టుండి అసలు రాకపోయినా, కాళ్ళ మధ్య తిమ్మిరెక్కి కాళ్ళు బలహీనపడినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళమని ఆ స్నేహితురాలికి కూడా చెప్పి ఉంచాను.

అమ్మకి పూర్తిగా తగ్గలేదు. రాత్రి ఐదుసార్లు లేచేది ఇప్పుడు రెండుసార్లు లేస్తోంది, ప్యాడ్ బయటికి వెళ్ళేటప్పుడే పెట్టుకుంటోంది. విమానం సంగతి ఇంకా తేలలేదు, బాత్రూమ్‌కి దగ్గరగా అటూఇటూ లేవడానికి వీలున్న సీటు ఇప్పిస్తానంటే "చూద్దాం" అంది. పోయినసారి "నా వల్ల కాదు" అన్న మనిషి.

కాల్స్ మధ్యలో తలుపు కొట్టేవాళ్ళు మాత్రం మానేశారు. "లైన్లో ఉండవే, ఒకటికి వెళ్ళొస్తా" అని ఫోన్ మంచం మీద పెట్టి వెళ్తుంది, నాకు తిరిగే ఫ్యాను కనపడుతూ ఉంటుంది. ఊరికే కూర్చోవడం ఎందుకని నేను నా ఎనిమిదీ లెక్కపెట్టుకుంటాను.