పేరు తెలియని వాంపైర్: ఒక పాత కాక్‌పిట్‌తో నా అనుభవం

రెక్కలు లేవు, తోక లేదు, ఇంజిన్ ఎప్పుడో తీసేశారు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ముందుభాగం ఒక్కటే ట్రైలర్ మీద మా షెడ్డుకు వచ్చింది. ఒకప్పటి బ్రిటిష్ జెట్ శిక్షణ విమానం డి హావిలాండ్ వాంపైర్ టీ.11 అని చూడగానే తెలిసిపోతుంది. ఏ వాంపైర్ అన్నదే ప్రశ్న. అమ్మినాయన ఒక సీరియల్ నంబర్ చెప్పాడు కానీ దానికి కాగితం లేదు. ఆయనకు అమ్మినవాళ్లు అలా చెప్పారట.

నేను ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వచ్చి నాటింగ్‌హామ్ దగ్గర ఉంటున్నాను. మాది పాలకొల్లు. చిన్నప్పటి నుంచి విమానాలంటే పిచ్చి. ఇక్కడ శని, ఆదివారాల్లో పాత విమానాలు బాగుచేసే వాలంటీర్లతో కలిసి పనిచేసే అవకాశం దొరికింది. మా బృందానికి పెద్దదిక్కు, ఒకప్పుడు రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ బాగుచేసే మెకానిక్‌గా చేసిన ఒక పెద్దాయన. ట్రైలర్ దించిన రోజే ఆయన షరతు పెట్టారు: "ఇదెవరో తేలేదాకా ఎవరూ రంగు గీకొద్దు, ఒక్క స్క్రూ కూడా పారేయొద్దు." ఆ షరతు ఎంత విలువైనదో తర్వాత అడుగడుగునా తెలిసింది.

వాంపైర్ మొదటిసారి ఎగిరింది 1943 సెప్టెంబరు 20న, హ్యాట్‌ఫీల్డ్‌లో. దాని రెండు సీట్ల శిక్షణ రూపం 1950 నవంబరులో గాల్లోకి లేచింది. ఆ తర్వాత 1967 దాకా ఎందరో బ్రిటిష్ పైలట్లు టీ.11 మీదే జెట్ నడపడం నేర్చుకున్నారు. మన వైమానిక దళానికి 1948లోనే వాంపైర్లు వచ్చాయి. బెంగళూరులో హెచ్.ఏ.ఎల్. కూడా వాటిని తయారుచేసింది. హకీంపేటలో జెట్ శిక్షణ పొందిన పాతతరం పైలట్లు కూర్చున్నది ఇలాంటి కాక్‌పిట్‌లోనే, ఎగుమతి కోసం చేసిన టీ.55 అనే రకంలో. అందుకే శిక్షణ పొందేవాళ్లు కూర్చునే ఆ ఎడమ సీటును చూసినప్పుడు నాకు పరాయి దేశపు వస్తువు అనిపించలేదు.

బ్రిటిష్ మిలిటరీ విమానానికి సీరియల్ నంబరే ఇంటిపేరు, ఒంటిపేరు. రెండు అక్షరాలు, మూడు అంకెలు. అంతకుముందు ఒకే అక్షరంతో నడిచిన వరస 1940లో జెడ్9978 దాకా వచ్చాక ఏఏ100తో మొదలైన వరస అది. టీ.11లు ఎక్కువగా డబ్ల్యూజెడ్, ఎక్స్‌డి, ఎక్స్‌ఇ, ఎక్స్‌హెచ్, ఎక్స్‌కె అక్షరాల కింద వస్తాయి. ఎన్ని విమానాలున్నాయో శత్రువు లెక్కగట్టకుండా నంబర్ల మధ్య కావాలనే ఖాళీలు వదిలేవారు. కాబట్టి ఒక నంబరుకు పక్క నంబరు ఏదో ఊహించి చెప్పడానికి వీల్లేదు. పైగా వాంపైర్‌కు సీరియల్ రాసేది తోకను మోస్తూ వెనక్కి వెళ్లే రెండు గొట్టాల్లాంటి బూమ్‌ల మీద. మా దగ్గర ఆ బూమ్‌లే లేవు.

వెతకడం మొదలుపెట్టే ముందు రెండు ప్రమాదాలు తొలగించుకోవాలి. మొదటిది, ప్రమాదంలో పైలట్‌ను విమానం బయటకు విసిరే ఎజెక్షన్ సీట్లు. ఇందులో ఉన్నవి మార్టిన్-బేకర్ మార్క్ 3బి సీట్లు. సీటును పైకి విసిరే గన్‌లోనూ, పారాచ్యూట్‌ను లాగే డ్రోగ్ గన్‌లోనూ పేలుడు కార్ట్రిడ్జిలు ఉంటాయి. విమానం సర్వీసు నుంచి తప్పుకున్నప్పుడే వాటిని తీసేసి ఉండాలి. కానీ "ఉండాలి" అన్న మాట మీద ఎవరూ తల లోపల పెట్టరు. ఆ పని తెలిసిన మనిషి వచ్చి, ఒక్కొక్క గొట్టం విప్పి చూసి, పేలుడు పదార్థం ఏమీ లేదని రాసి సంతకం పెట్టేదాకా మేము బయట నుంచే ఫొటోలు తీసుకున్నాం.

రెండోది రేడియం. చీకట్లో కనిపించడానికి ఆనాటి డయల్స్ మీద రేడియం కలిపిన రంగు వేసేవారు. ఆ రంగులోని జింక్ సల్ఫైడ్ ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ఇప్పుడవి వెలగవు, అంకెలు గోధుమరంగుకు తిరిగి మామూలుగా కనిపిస్తాయి. రేడియం మాత్రం అలాగే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. రేడియేషన్‌ను పసిగట్టే గీగర్ కౌంటర్ దగ్గరకు తీసుకెళ్తే కొన్ని గేజ్‌ల ముందు ఊరుకుంది, కొన్నింటి ముందు ఆగకుండా టిక్కుటిక్కుమంది. గాజు పగలనంతవరకు పెద్ద భయం లేదు. పెచ్చులూడిన రంగు పొడి ఊపిరిలోకి వెళ్తేనే అసలు ప్రమాదం. అందుకే అలాంటి గేజ్‌ను విప్పడం, తుడవడం, గీకడం ఏదీ చేయకూడదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. పాత గేజ్ కొని ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద విప్పేవాళ్లున్నారని విన్నప్పుడల్లా నాకు గుండె దడ.

ఇక అసలు పని. ముక్కు పక్కన గోరంత మేర తడి చేసి, సన్నటి వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దుకుంటూ పోయాం. పైన ఎవరో ఇంటి గోడలకు వేసే రంగు వేశారు. దాని కింద లేత బూడిద రంగు, పక్కనే మెరిసే నారింజ రంగు పట్టీ అంచు, ఇంకా కింద వెండి రంగు, అక్కడక్కడా పసుపు. టీ.11 శిక్షణ విమానాలకు మొదట వెండి రంగు, పసుపు పట్టీలు ఉండేవి. బూడిద, నారింజ తర్వాత వచ్చాయి. అంటే ఇది రెండు కాలాల్లోనూ పనిచేసింది. ఆ వెండి రంగు పొర మీద నల్లటి అంకెలు రెండు బయటపడ్డాయి. ఒకటి పూర్తిగా, రెండోది సగం. శిక్షణ స్కూళ్లలో విమానాన్ని దూరం నుంచి గుర్తుపట్టడానికి వేసే కోడ్ అది. తొందరపడి మొత్తం గీకేసి ఉంటే ఈ రెండంకెలూ దుమ్ములో కలిసిపోయేవి.

తర్వాత ప్యానెళ్లు. విమానానికి ఉండే మూతలు ఫ్యాక్టరీలో ఒక్కొక్కటీ చేత్తో సరిపెట్టినవి. ఒకదాని మూత ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. హ్యాంగర్‌లో నాలుగైదు విమానాలు ఒకేసారి విప్పినప్పుడు కలిసిపోకుండా మెకానిక్కులు మూత లోపలివైపు సీరియల్‌లోని చివరి అంకెలు పెన్సిల్‌తోనో రంగుతోనో రాసుకునేవారు. మా వాంపైర్ మూతలు తిప్పి చూస్తే ఒక్కో చోట ఒక్కో నంబర్! తుపాకుల కింద ఉండే ఒక మూత మీద అమ్మినాయన చెప్పిన నంబరే ఉంది. అది చూసి కొందరు సంబరపడ్డారు. పెద్దాయన ఒప్పుకోలేదు. "మూతలు ఊళ్లు తిరుగుతాయి. తిరగలేని చోట చూడండి" అన్నారు. పాడైన విమానం నుంచి మూత తీసి బాగున్నదానికి బిగించడం సర్వీసులో మామూలే.

తిరగలేని చోటు అంటే చెక్క శరీరం. లోపల తయారీదారు ప్లేటు ఉండాల్సిన చోట స్క్రూ రంధ్రాలే మిగిలాయి, ప్లేటును జ్ఞాపకంగా ఎవరో తీసుకెళ్లినట్టున్నారు. సీట్లు పైకి తీశాక వెనక గోడకు టార్చి ఆనించినట్టు పెట్టి, కాంతి ఏటవాలుగా పడేలా వెతికాం. నల్లరంగు కింద కప్పబడిపోయిన అక్షరాల అంచులు ఆ వెలుగులో లేచి కనిపించాయి. నాలుగంకెలు, చివర ఎం అక్షరం. అది చూసిన క్షణం నాకు నోట మాట రాలేదు. ఎగరడం మానేశాక నేల మీద శిక్షణకు వాడే విమానాలకు ఇచ్చే నంబర్ అది. ఆ నంబర్లకు రిజిస్టర్ ఉంది. దాంట్లో చూస్తే ఎక్స్‌డితో మొదలయ్యే ఒక సీరియల్ వచ్చింది, అమ్మినాయన చెప్పింది కాదు. ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ వెనక పెన్సిల్‌తో రాసిన అంకెలు దీనితో కలిశాయి.

ఇంకో సాక్ష్యం కావాలి. ప్రతి విమానం ఎప్పుడు ఏ యూనిట్‌కు వెళ్లిందో ఎయిర్ మినిస్ట్రీ ఫారం 78 అనే కార్డు మీద రాసేవారు. హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఆ కార్డులు చూడొచ్చు. మా కార్డు చేతిరాతతో, పొట్టి అక్షరాలతో నిండి ఉంది. ఫ్యాక్టరీ నుంచి మెయింటెనెన్స్ యూనిట్‌కు, అక్కడి నుంచి కేంబ్రిడ్జి దగ్గర ఓకింగ్టన్‌లో ఉన్న 5వ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలుకు, తర్వాత మళ్లీ స్టోరేజి, చివరకు ఎయిర్ ట్రైనింగ్ కోర్ అనే క్యాడెట్ సంస్థ పిల్లల దగ్గరకు. ఓకింగ్టన్ నాటి ఒక నలుపు తెలుపు ఫొటోలో బూమ్ మీద అదే సీరియల్, ముక్కు మీద మేము బయటపెట్టిన అదే రెండంకెల కోడ్ కనిపించాయి. సగం చెరిగిపోయిన రెండో అంకె కూడా అప్పుడు తేలింది. ఆ రోజు షెడ్డులో చప్పట్లు కొట్టుకున్నాం.

పేరు దొరికాకే మరమ్మతు. వాంపైర్ రెక్కలు, బూమ్‌లు లోహమే అయినా ముందుభాగం మాత్రం అదే కంపెనీ రెండో ప్రపంచయుద్ధ విమానం మస్కిటోలాగే చెక్క: బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా. ఏళ్ల తరబడి ఆరుబయట వానలో ఉంచితే నీళ్లు బాల్సాలోకి దిగి అది పుచ్చిపోతుంది. వేలి కణుపుతో అంగుళం అంగుళం కొట్టి చూశాం. బాగున్న చోట టక్కుమంటుంది, పుచ్చిన చోట చప్పుడే పలకదు. ముందు అద్దం కింద, నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోయిన చోట బాగా దెబ్బతింది. హీటర్ పెట్టి ఆరబెడితే ప్లైవుడ్ పగులుతుంది కాబట్టి గాలిలోని చెమ్మ లాగే యంత్రంతో నిదానంగా ఆరనిచ్చాం. పుచ్చు తీసేసి, పాత పొర అంచును ఒకటికి పన్నెండు వాలుగా చిత్రిక పట్టి, అదే వాలుతో కొత్త ముక్కను దాని మీద కూర్చోబెట్టాం. లప్పం పెట్టి కప్పేస్తే పని తొందరగా అయ్యేది, కానీ లోపల పుచ్చు పెరుగుతూనే ఉంటుంది. జిగురు ఏరోలైట్. ఒక ముక్కకు జిగురు, రెండో ముక్కకు దాన్ని గట్టిపరిచే ఫార్మిక్ ఆసిడ్ ద్రవం రాసి కలిపి క్లాంపులు బిగించాలి. చలికాలంలో షెడ్డు చల్లగా ఉంటే అది సరిగా పట్టదు, అందుకని ఆ నెలలు వేరే పనులకు వాడుకున్నాం.

చెక్క మీద అంటించే బట్ట గురించి చెప్పకుండా ఉండలేను. పెద్దాయన విప్పిన ఆ సన్నటి నూలు తానును ఇక్కడ మాడపోలం అంటారు. ఆ పేరు మన మాధవాయిపాలెం నుంచి వచ్చిందే. నర్సాపురంలో సఖినేటిపల్లి పంటు ఎక్కే ఆ రేవు మా ఊరివాళ్లందరికీ తెలుసు. ఈస్టిండియా కంపెనీ అక్కడ బట్టల కొఠీ పెట్టి మన నేతగాళ్ల బట్టను ఓడలకెత్తింది. తర్వాత అదే రకం బట్టను ఇంగ్లండ్ మిల్లులు నేశాయి. మస్కిటో చెక్క మీద డోప్ అనే వార్నిష్‌లాంటి పూత పూసి అంటించింది ఆ బట్టనే. 1940 నవంబరు 25న ఎగిరిన మొట్టమొదటి మస్కిటో లండన్‌కు ఉత్తరాన సాల్స్‌బరీ హాల్‌లోని డి హావిలాండ్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ముడత రాకుండా బట్టను అరచేత్తో సాపు చేస్తూ, గోళ్ల రంగు వాసన కొట్టే డోప్ పూస్తున్నంతసేపూ మా గోదావరి ఒడ్డు నేతగాళ్లే నా మనసులో ఉన్నారు.

కాక్‌పిట్ లోపలి రంగు నలుపు. గేజ్‌ల వేట ఇంకా సాగుతోంది. పాత విడిభాగాలు అమ్మే సంతల్లో అచ్చం అలాగే కనిపించే ఆల్టిమీటర్లు కుప్పలుగా ఉంటాయి. వెనక ముద్రించిన స్టోర్స్ నంబర్, అంటే ఆ విడిభాగానికి వైమానిక దళం ఇచ్చిన నంబర్ చూడాలి. ఇన్‌స్ట్రుమెంట్లకు అది 6ఎ తో మొదలవుతుంది. ఆ నంబర్, మార్క్ (ఏ రకమో చెప్పే గుర్తు) రెండూ మాన్యువల్‌తో కలిస్తేనే కొంటాం. కంట్రోల్ స్టిక్ మీద ఉన్న బ్రేకు పిడిని శుభ్రం చేసి గాలి గొట్టం కలిపితే నొక్కినప్పుడల్లా బుస్సుమంటోంది. ఆ కాలపు చాలా బ్రిటిష్ విమానాల్లాగే దీని బ్రేకులూ గాలితో పనిచేసేవి కాబట్టి ఆ చప్పుడు ఉండాల్సిందే.

రేడియం డయల్స్ మీద మాలో చాలా వాదన జరిగింది. అసలువే ఉంచాలని కొందరు పట్టుబట్టారు. పిల్లలు ఎక్కి కూర్చునే కాక్‌పిట్‌లో అవి వద్దని నేను గట్టిగా అన్నాను, చివరకు అదే నిలిచింది. వాటిని సీలు చేసి వేరే గదిలో భద్రపరిచి, ప్యానెల్‌లో అచ్చు వేసిన నకళ్లు పెట్టి, ఏది నకలో రికార్డు పుస్తకంలో రాశాం. వెనక గోడ మీది ఎం నంబర్‌ను మాత్రం కొత్త రంగుతో కప్పలేదు. న్యూఆర్క్ ఎయిర్ మ్యూజియం కాక్‌పిట్‌ఫెస్ట్ అనే పాత కాక్‌పిట్‌ల ప్రదర్శనకు దీన్ని తీసుకెళ్లాలని ఆశ. దానికి ముందు కుడివైపు, శిక్షకుడి ముందు ఉండాల్సిన వేగమాపకం ఒకటి దొరకాలి.