ముగ్గురి పని ఒక్క టీచరుకు

డాలస్ శివారులోని పెద్ద స్కూల్ డిస్ట్రిక్టులో (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులన్నిటినీ కలిపి నడిపే సంస్థ) మా అమ్మాయి చదివినన్నాళ్లూ, గిఫ్టెడ్ పిల్లలకు, అంటే తోటివారికన్నా చాలా వేగంగా నేర్చుకునేవారికి, ప్రత్యేక తరగతి ఉండడం నాకు మామూలు విషయంగానే తోచింది. నిరుడు ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊరికి మారాక గానీ అదెంత అదృష్టమో తెలియలేదు.

అమెరికాలో గిఫ్టెడ్ పిల్లల ప్రత్యేక చదువును తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు, నిర్ణయం రాష్ట్రాలదే. పెన్సిల్వేనియా నిబంధనల ప్రకారం తల్లిదండ్రులు రాతపూర్వకంగా అంగీకరించాక 60 రోజుల్లో బిడ్డ గిఫ్టెడో కాదో తేల్చే మూల్యాంకనం పూర్తిచేయాలి, అర్హత పొందిన ప్రతి బిడ్డకూ జీఐఈపీ అనే, ఆ బిడ్డకు తగిన చదువు ఎలా సాగాలో చెప్పే లిఖిత ప్రణాళిక ఇవ్వాలి. మా పాపకూ ఆ ప్రణాళిక వచ్చింది. అయితే ఇక్కడ మూడు బడులకు కలిపి గిఫ్టెడ్ టీచరు ఒక్కరే. ఆమె ఎంతో శ్రద్ధగల మనిషి, కానీ వారానికి ఒక్క గంటే రాగలుగుతున్నారు. మిగతా రోజుల్లో నాలుగో తరగతి లెక్కలు ముందే ముగించేసి, లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర ఏడో తరగతి పుస్తకం తెరుచుకుని పాప ఒక్కతే కూర్చుంటుంది. సందేహం వచ్చిన చోటల్లా పసుపుపచ్చ చీటీ అతికిస్తుంది. మొన్న శుక్రవారం లెక్కపెడితే పదకొండు చీటీలున్నాయి.

పెద్ద డిస్ట్రిక్టులో అలాంటి పిల్లలు ఒక గదికి సరిపడా ఉంటారు కనుక టీచరును నియమించడం తేలిక. ఇక్కడ తరగతికి ఒకరో ఇద్దరో ఉంటే, ఆ ఖర్చుకు డిస్ట్రిక్టు నిర్ణయాలు తీసుకునే స్కూల్ బోర్డును ఒప్పించడమే కష్టం. పొరుగు డిస్ట్రిక్టులతో కలిసి ఉమ్మడిగా ఒక టీచరును నియమించమని కోరుతూ ఉత్తరం రాశాను. వచ్చే మంగళవారం బోర్డు సమావేశంలో దాన్ని నేనే చదవబోతున్నాను.