మళ్లీ ఎప్పుడు మూస్తారు?

2020లో లాక్‌డౌన్ మొదలైన కొన్ని వారాలకే ఆఫీసులో ఏ ఫోన్ మోగినా ఒకటే ప్రశ్న: "ఎప్పుడు తెరుస్తారు?" నేను మున్సిపల్ ఆరోగ్య విభాగంలో పనిచేసేదాన్ని. అప్పటిదాకా నాకు తెలిసినవల్లా టీకాల లెక్కలు, జనన మరణాల రిజిస్టర్లు. అలాంటిది, వ్యాపారాలు తెరవడానికి మేం సిద్ధంగా ఉన్నామని పై అధికారులకు పంపాల్సిన ఫైలు నా నెత్తిన పడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న కరోనాను మహమ్మారి అంది. ఏప్రిల్ మధ్యకల్లా, ఆంక్షలు సడలించాలంటే చూసుకోవాల్సినవి అంటూ ఆరు విషయాలు చెప్పింది: వ్యాప్తి అదుపులో ఉందా, రోగిని గుర్తించి పరీక్షించి వేరుగా ఉంచే శక్తి ఉందా, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ముప్పు తగ్గిందా, పనిచేసే చోట జాగ్రత్తలున్నాయా, బయటి నుంచి వచ్చే కేసుల సంగతేంటి, జనానికి విషయం తెలుసా. మా ఫారం కూడా ఇంచుమించు ఇదే వరసలో ఉంది. చదివితే ఇంతేనా అనిపించింది. నింపడానికి కూర్చున్నాక తెలిసింది.

మొదటి దెబ్బ పాజిటివిటీ రేటు దగ్గరే తగిలింది. నూరు పరీక్షలు చేస్తే ఎన్ని పాజిటివ్ వచ్చాయన్నదే లెక్క. పరీక్షలు విరివిగా చేస్తూ, ఆ రేటు కనీసం 2 వారాలు 5 శాతం లోపు ఉండాలి. నేను పరీక్షలను శాంపిల్ తీసిన తేదీ కింద, పాజిటివ్‌లను రిపోర్టు వచ్చిన తేదీ కింద పట్టికలో వేసుకుంటూ పోయాను. ల్యాబ్‌లో పని పేరుకుపోయి మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు పొద్దున అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది. "నిన్నటిదాకా బాగానే ఉందన్నావు కదమ్మా?" అని మా పై అధికారి ఫోన్. నిజానికి నిన్నా బాగాలేదు, ఇవాళా అంత ఘోరంగా లేదు.

ఆ రాత్రి కూర్చుని అన్నిటినీ శాంపిల్ తీసిన తేదీ ప్రకారం మళ్లీ పేర్చాను. అప్పుడు ఇంకో తప్పు బయటపడింది. డిశ్చార్జికి ముందు చేసే రెండో పరీక్ష, మూడో పరీక్ష కూడా కొత్త కేసుల్లో కలిసిపోయాయి. ఒకే మనిషి మా లెక్కలో ముగ్గురయ్యాడు. వాటిని తీసేస్తే రేటు దిగింది. కానీ ఇక్కడా ఒక మడతపేచీ ఉంది. శాంపిల్ తేదీతో వేస్తే చివరి రెండు మూడు రోజులూ ఎప్పుడూ చల్లగానే కనిపిస్తాయి, ఆ రిపోర్టులు పూర్తిగా రాలేదు కాబట్టి. అందుకని చివరి మూడు రోజుల కింద ఎర్ర గీత గీసి "ఇవి నమ్మొద్దు" అని రాశాను. పాత పట్టిక కూడా ఫైల్లోనే ఉంచాను. లేకపోతే తెరవడం కోసం అంకెలు తగ్గించారంటారు. ఉంచినా అన్నారనుకోండి, అది వేరే సంగతి.

పడకల లెక్క ఒక్క రోజులో తేలిపోయింది. ఆసుపత్రులు పంపిన కాగితాల్లో మంచాలు బోలెడున్నాయి. రాత్రి షిఫ్టులో నర్సులెందరు అని అడిగాక పనికొచ్చే మంచాలు దాదాపు సగానికి తగ్గాయి.

అన్నిటికంటే కష్టం కాంటాక్టులను, అంటే రోగికి దగ్గరగా మెలిగినవాళ్లను, వెతకడం. లక్షణాలు కనబడటానికి 2 రోజుల ముందు నుంచి, మీటరు లోపు దూరంలో 15 నిమిషాలకు మించి ఎవరెవరితో ఉన్నారో రోగిని అడగాలి. ఫోన్లు చేయడానికి ట్రేసర్లని మనుషుల్ని పెట్టుకున్నాం, స్క్రిప్టు రాసిచ్చాం. ఎలా నడుస్తుందో చూద్దామని నేనూ ఒక రోజు చేశాను. ఒకాయన నెమ్మదిగా విన్నాడు.

"పేర్లు చెబితే వాళ్లను 14 రోజులు ఇంట్లో కూర్చోమంటారు కదండీ?"

"అవునండీ, వాళ్ల మంచికే."

"మరి ఆ 14 రోజుల కూలి ఎవరిస్తారు?"

నా స్క్రిప్టులో దానికి జవాబు లేదు. ఆయన మర్యాదగానే ఫోన్ పెట్టేశాడు. ఫారంలో మాత్రం "ఎంతమంది ట్రేసర్లు ఉన్నారు?" అని ఒక్క గడి ఉంది. అంకె వేశాను. ఎంతమంది పేర్లు చెబుతున్నారన్నది అడగలేదు, అయినా పక్కన రాశాను.

తనిఖీల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అందరూ నేల మీద గీతలు గీశారు, గుమ్మంలో శానిటైజర్ పెట్టారు. ఎవరికీ తట్టనిది నీళ్ల సంగతి. రెండు నెలలు మూసి ఉన్న ఒక భవనంలో కుళాయి తిప్పితే ముందు గుర్రుమని గాలి, తర్వాత తుప్పు రంగు నీళ్లు. కదలకుండా నిలవున్న గొట్టాల్లో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపర పీలిస్తే న్యుమోనియా రావచ్చు. కరోనా నుంచి కాపాడతామని తలుపులు తెరిచి ఇంకో జబ్బు అంటిస్తే ఎట్లా? కుళాయిలన్నీ తిప్పి చాలాసేపు నీళ్లు వదలాలని జాబితాలో చేర్చాం. ఇంకోచోట పని బాగా చేస్తుందని బ్లీచింగ్ ద్రావణంలో బాత్రూం యాసిడ్ కలిపారు. దాన్నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది. మేం వెళ్లేసరికి అందరూ దగ్గుతూ బయట నిలబడి ఉన్నారు.

అన్నీ నిండాయి, చివరి గడి ఒక్కటి తప్ప. "ఏ స్థాయి దాటితే ఆంక్షలు తిరిగి విధిస్తారు?" సమావేశంలో అందరూ ఒకే మాట: "పరిస్థితిని బట్టి అని రాసెయ్యండి." నాకు మనసొప్పలేదు. అలా రాస్తే ఆ పరిస్థితి వచ్చిన రోజు మళ్లీ ఇదే గదిలో ఇదే వాదన. అంకె వేద్దామన్నాను. వ్యాపారుల తరఫున వచ్చినాయన లేచాడు. ఇక అయిపోయింది, గొడవే అనుకున్నాను.

"మేడం చెప్పిందే రాయండి. మూయడం కంటే రాత్రికి రాత్రి మూయమనడమే మమ్మల్ని ముంచేది. ముందే అంకె తెలిస్తే సరుకు తగ్గించుకుంటాం."

పాజిటివిటీ రేటు వారం సగటు 5 శాతం దాటితే హెచ్చరిక, 8 దాటితే మళ్లీ ఆంక్షలు అని రాశాం. ఫైలు వెళ్లింది, అనుమతి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

అప్పటి నుంచి ఆయన రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. నమస్కారం తర్వాత మాట, "ఇవాళ ఎంతండీ?" కొన్ని వారాలు 3, 4 చెబుతూ వచ్చాను. తర్వాత ఒక రోజు 6.9 అన్నాను.

"చివరి మూడు రోజులవి కలిపా?"

"లేదండీ, అవి ఇంకా రాలేదు."

కాసేపు మాట్లాడలేదు. "అయితే ఇవాళ్టి లారీ వద్దని చెప్పేస్తాను" అని ఫోన్ పెట్టేశాడు.