మెషిన్ ఒప్పుకుంది, కన్ను ఒప్పుకోలేదు

సైకిల్ తొక్కడానికి పవర్ కళ్లజోడు కావాలని బరంపురంలో నాలుగు దుకాణాలు తిరిగాను. ఏడు వారాలు పట్టింది. నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారితే సగం మరిచిపోతాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

గొడవంతా పవర్‌తోనే గనక ముందు అది చెప్పాలి. కుడి కన్ను −4.25, సిలిండర్ (ఒక్క దిశలోనే అదనంగా కావలసిన పవర్) −0.75, అక్షం (ఆ దిశని చెప్పే కోణం) 180. ఎడమది −4.50, సిలిండర్ −0.50. పరీక్ష పది నిమిషాల్లో అయిపోయింది. చీటీలో పీడీ మాత్రం రాయలేదు. అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. అడిగితే, "అద్దాలు మా దగ్గర చేయించుకుంటే అది మేమే చూసుకుంటాం కదండీ" అన్నారు. చీటీ పట్టుకుని ఇంకో దుకాణానికి పోకుండా వేసిన కట్టు అది. ఒక్కో కంటికీ విడిగా ముక్కు మధ్య నుంచి కొలిచి, రెండు అంకెలూ రాసిచ్చేదాకా కుర్చీ దిగకండి. నాది 31, 31.

మామూలు కళ్లజోడు ఎందుకు పనికిరాదంటే, హ్యాండిల్ కింది వంపు పట్టుకుని వంగినప్పుడు తల దిగుతుంది, చూపు అద్దం పైభాగం గుండా పోతుంది. సరిగ్గా అక్కడ ఫ్రేమ్ పైగీత రోడ్డుకి అడ్డం పడుతుంది. పక్కలు ఖాళీ. గోపాల్‌పూర్ రోడ్డు మీద సముద్రపు గాలి పక్క నుంచి కొడితే కన్నీళ్లు కారిపోతాయి. ఇచ్ఛాపురం వైపు హైవే ఎక్కితే లారీలు లేపే దుమ్ము, వరికోతల రోజుల్లో పొట్టు, పొద్దుగూకితే పురుగులు.

దారులు మూడు. కాంటాక్ట్ లెన్సులు వేసుకుని పైన పవర్ లేని సైకిల్ అద్దాలు పెట్టుకోవడం అన్నిటికంటే సులువు. తీసి పారేసే రోజువారీ రకమే తీసుకోండి, కుళాయి నీళ్లు వాటికి అసలు తగలనివ్వకండి. గాలికి కళ్లు ఎండిపోయే వాళ్లకి గంట దాటితే మంట. నేను ఆ రకం. రెండోది, సైకిల్ అద్దాల లోపల తగిలించే చిన్న పవర్ క్లిప్పు. పెద్ద పవర్‌కీ కుదురుతుంది, పై అద్దం రంగు మార్చుకోవచ్చు. కాని తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు వేగం పడిపోయి, గాలి ఆడక, రెండు అద్దాలూ ఆవిరి పట్టేస్తాయి. పైగా కనురెప్పల వెంట్రుకలు క్లిప్పుకి రాసుకుంటాయి. మూడోది, వంపు తిరిగిన ఫ్రేములోనే నేరుగా పవర్ అద్దాలు వేయించడం. నా పరువు పోయింది ఇక్కడే.

మొదటి ఫ్రేము మీద 66-15 అని ఉంది. అద్దం వెడల్పు 66, ముక్కు దగ్గర ఎడం 15. కలిపితే 81. నా పీడీ 62. అంటే అద్దం చూపు కేంద్రాన్ని ఒక్కో వైపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు లోపలికి జరపాలి. జరపడంలో 4 మిల్లీమీటర్లు తేడా వచ్చినా −4.25 పవర్‌కి 1.7 ప్రిజం, అంటే చూపుని పక్కకి లాగే గుణం, పడుతుంది. సెంటీమీటర్లలో జరుగుడుని పవర్‌తో గుణిస్తే వచ్చేది అంతే, పెద్ద లెక్కేం కాదు. కళ్లు రెండూ లోపలికో బయటికో లాక్కుపోతాయి, అరగంటకి కణతలు పోటెత్తుతాయి. మైనస్ పవర్‌కి అద్దం ఎంత వెడల్పయితే బయటి అంచు అంత మందం అన్నది దానికి తోడు.

అద్దాలు పెట్టుకుని దుకాణం బయటికొస్తే నేల వంగింది. కరెంటు స్తంభాలు పక్కకి వాలాయి. మెట్టు ఎక్కడుందో తెలీక పాదం తడుముకోవాల్సి వచ్చింది. వెనక్కి వెళ్తే దుకాణంలోని కుర్రాడు అద్దాన్ని పవర్ చూసే మెషిన్‌లో పెట్టి, "సబు ఠిక్ అఛి ఆజ్ఞా" అన్నాడు ఒడియాలో, అంతా సరిగ్గానే ఉందండీ అని. అంకెలు నిజంగానే చీటీలో ఉన్నవే. దుకాణదారు మాత్రం తెలుగులో, "అలవాటైపోద్ది బాబూ, వారం పెట్టుకోండి" అన్నాడు. వారం పెట్టుకున్నాను. మళ్లీ వెళ్తే మళ్లీ మెషిన్, మళ్లీ అవే అంకెలు. మూడోసారి బల్ల దగ్గర నలుగురు కొనేవాళ్లుండగా, "సైకిల్‌కి ఇంత హడావిడి ఏంటండీ, లోపం మీ కంట్లో ఉందేమో చూపించుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు.

లోపం కంట్లోనూ లేదు, మెషిన్‌లోనూ లేదు. మెషిన్ అద్దాన్ని బల్లపరుపుగా పెట్టి నిటారుగా చూస్తుంది. ముఖం మీద అదే అద్దం చెంప వైపు తిరిగి ఉంటుంది. ఆ తిరుగుడుని ర్యాప్ యాంగిల్ అంటారు. ఫ్రేముని కాగితం మీద తలకిందులుగా పెట్టి, ముక్కు దగ్గరి అంచు నుంచి బయటి అంచుకి గీత గీసి, పిల్లల కోణమానినితో నేనే కొలిచాను. 20 డిగ్రీలు వచ్చింది. అంత తిరిగితే −4.25 అద్దం కంటికి సుమారు −4.4 అవుతుంది. దాంతోపాటు 90 అక్షంలో 0.58 దాకా కొత్త సిలిండర్ పుట్టుకొస్తుంది. నాకు కావలసింది 180లో 0.75. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. సిలిండర్ ఉన్నా లేనట్టే, మొత్తం పవర్ మాత్రం ఎక్కువ. ఈ లెక్క కట్టడానికి నాకు ఒక ఆదివారం పొద్దున సరిపోయింది. పాతికేళ్లుగా అద్దాలు అమ్ముతున్నాయనకి మాత్రం దాని పేరే తెలీదు.

మందు ఏంటంటే, ల్యాబ్ వాళ్లకి నాలుగు కొలతలు వెళ్లాలి: ర్యాప్ యాంగిల్, అద్దం ముందుకి వాలే కోణం, కంటికీ అద్దానికీ ఎడం, ఏ కంటి పీడీ ఆ కంటిది. వాటిని బట్టి వాళ్లు పవర్ మార్చి చెక్కుతారు. ఈ నాలుగు గళ్లూ లేని ఆర్డరు ఫారం ఇచ్చిన దుకాణంలో వంపు ఫ్రేము కొనకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. నేను ఫ్రేము కూడా మార్చాను. వెడల్పు 58, బేస్ కర్వ్ (అద్దం ముందు వైపు వంపు) 8 నుంచి 6కి, ర్యాప్ 15 డిగ్రీలు. గాలి కాస్త ఎక్కువ దూరుతుంది, చూపు మాత్రం నిలకడగా ఉంటుంది. వంగి చూస్తాం కాబట్టి కేంద్రాన్ని 2 మిల్లీమీటర్లు పైకి వేయించాను. కొలతలకి హెల్మెట్ పట్టుకుని వెళ్లండి. హెల్మెట్ వెనక పట్టీ కళ్లజోడు కాడకి తగిలి ముందుకి నెడితే కొలిచిందంతా వృథా.

అద్దం ట్రైవెక్స్ అనే గట్టి ప్లాస్టిక్. పాలీకార్బనేట్ కూడా రాయి తగిలితే తేలిగ్గా పగలదు, చవక కూడా, కాని అంచుల్లో రంగులు చీలి కనబడతాయి. ఆబీ విలువ (ఎంత ఎక్కువైతే రంగులు అంత తక్కువ చీలుతాయి) దానికి 30, ట్రైవెక్స్‌కి 43 పైన. పోలరైజ్డ్ వద్దన్నాను. తడి రోడ్డు మీద నూనె మరక మెరుపుతోనే కనబడుతుంది, పోలరైజ్డ్ ఆ మెరుపునే తినేస్తుంది. సైకిల్ మీది మీటరు తెర కూడా ఒక్కో కోణంలో నల్లబడుతుంది. ఎండకి నల్లబడే ఫోటోక్రోమిక్ తీసుకున్నాను. మన మే నెల వేడికి అవి పూర్తిగా నల్లబడవు, ఘాట్ చెట్ల నీడలోకి దూరితే తేటపడటానికి నిమిషాలు పడుతుంది. అయినా రెండు జతలు మోయడం కంటే నయం. ఇంటికొచ్చాక చెమట ఉప్పుని ముందు నీళ్లతో కడగాలి. బనీనుతో తుడిచారా, పూత గీతలు పడిపోతుంది.

నిన్న నాలుగో దుకాణంలో కొత్త అద్దాలు పెట్టెలోంచి తీసి, అక్కడి అమ్మాయి మెషిన్‌లో పెట్టింది. కుడిది −3.88, సిలిండర్ −1.02 చూపించింది. "పవర్ తప్పొచ్చింది అన్నయ్యా, తిప్పి పంపించేస్తాం" అంది. పెట్టెలో ల్యాబ్ చీటీ ఉంటుంది చూడమ్మా అన్నాను. మార్చిన పవర్ ఆ చీటీలో అచ్చంగా అవే అంకెలు. అయినా ఇవ్వలేదు, ఓనరుకి ఫోన్ చేసింది. ఈలోగా జోడు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూశాను. ఎదుటి స్తంభం నిటారుగా ఉంది.