బిబ్‌టెక్ రాయనని మొరాయించినప్పుడు

పత్రాలను అచ్చుకు తగినట్టు కూర్చే లాటెక్ సాఫ్ట్‌వేర్‌లో తయారుచేస్తున్న పెద్ద వ్యాసానికి చివరన రావలసిన గ్రంథసూచి ఉన్నట్టుండి మాయమైంది. పాఠంలో ఉల్లేఖనలు ఉండవలసిన ప్రతిచోటా ప్రశ్నార్థకాలే మిగిలాయి. సహాయక ఫైళ్లు మూలపాఠంతో కలగాపులగం కాకూడదని అంతకుముందే వాటిని వేరే ఫోల్డరులోకి మళ్లించి, ఆ ఫోల్డరు పూర్తి చిరునామా ఇచ్చి, గ్రంథసూచిని తయారుచేసే బిబ్‌టెక్ ప్రోగ్రామును నడిపాను. అది ఆ చోట రాయడం లేదని చెప్పి, కారణంగా బ్రాకెట్లలో 'ఓపెన్‌అవుట్_ఎనీ = పీ' అని చూపి ఆగిపోయింది.

అమరిక పేరు ఎదురుగా కనిపించేసరికి దాన్ని ఎక్కడైనా రాయనిచ్చే 'ఏ'గా మార్చేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే 'పీ' అంటే పారనాయిడ్: పై ఫోల్డర్లలోకి గాని, పూర్తి చిరునామాతో సూచించిన చోటికి గాని, చుక్కతో మొదలయ్యే ఫైళ్లలోకి గాని రాయనివ్వదు. లాటెక్‌కు ఆధారమైన టెక్‌లో రాసిన పత్రం చూడడానికి మామూలు పాఠంలాగే ఉన్నా నిజానికి అది ప్రోగ్రాము. ఈ అడ్డు లేకపోతే, ఎవరో పంపిన పత్రాన్ని కూర్చినంత మాత్రాన అది మన షెల్ ప్రారంభ ఫైలును తిరగరాయగలదు, అందులోని ఆజ్ఞ మరుసటిసారి టెర్మినల్ తెరవగానే అమలవుతుంది. అందుకే ఆ అక్షరాన్ని ముట్టుకోలేదు.

పరిష్కారం సులువుగానే దొరికింది. ఆ ఫోల్డరులోకే వెళ్లి, చిరునామా లేకుండా ఫైలు పేరు మాత్రమే ఇచ్చి బిబ్‌టెక్‌ను నడిపాను. చదవడానికి డిఫాల్టుగా ఇలాంటి ఆంక్ష లేదు కాబట్టి, గ్రంథ వివరాల ఫైలున్న ఫోల్డరును ఎక్కడ వెతకాలో బిబ్‌టెక్‌కు చెప్పే బిబ్‌ఇన్‌పుట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ చలరాశిలో ఇస్తే సరిపోయింది. లినక్సులో ఆ విలువ చివర కోలన్ పెట్టడం మరువకూడదు. అది లేకపోతే మామూలుగా వెతికే చోట్లన్నీ జాబితాలోంచి జారిపోతాయి.

అమరికను నిజంగానే మార్చవలసి వస్తే, ముందుగా ఏ టెక్స్‌ఎమ్ఎఫ్.సీఎన్ఎఫ్ ఫైళ్లు (అమరికలుండే ఫైళ్లు) చెల్లుతున్నాయో, టెక్ ఫైళ్లు ఎక్కడున్నాయో వెతికి చెప్పే కేపీఎస్ఈవిచ్ ఆజ్ఞను అడగాలి. టెక్ ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చే టెక్ లైవ్‌లో లోపలి వెబ్2సీ ఫోల్డరులో ఉన్న ప్రతిని దిద్దితే, తాజాకరణలో ఆ మార్పు చెరిగిపోతుంది; సొంత విలువలకు పై స్థాయిలో చిన్న ఫైలు వేరుగా ఉంది.

షెల్ ఎస్కేప్ విషయంలో, అంటే పత్రమే కంప్యూటరులో ఆజ్ఞలు నడపడానికి ఇచ్చే అనుమతి విషయంలో, నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. అక్కడ డిఫాల్టుగా ఉండే 'పీ' జాబితాలోని కొన్ని ఆజ్ఞలనే అనుమతిస్తుంది. నా సొంత పత్రానికి పూర్తి అనుమతి కావాలంటే ఆ ఒక్కసారికి ఆజ్ఞ వరుసలోనే ఇస్తాను గాని, అమరిక ఫైలులో శాశ్వతంగా తెరిచి ఉంచను. షెల్ ఎస్కేప్ మూసి ఉన్నా పత్రాలు ఆజ్ఞలు నడపగలిగిన లోపాన్ని టెక్‌లో మరో రకమైన లువాటెక్‌లో 2023లో 1.17.0 వెర్షన్‌తో సరిదిద్దారు. అంతకంటే పాత వెర్షన్ వాడుతున్నవారు అమరికల జోలికి వెళ్లకముందే దాన్ని తాజాకరించుకోవాలి.